ఏ సంఘంలో సభ్యులో అడగండి, సంతకం ఆ తర్వాత

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల వంటి పట్టణాల్లో పీఆర్ (పౌర సంబంధాల) ఏజెన్సీల, అంటే ఫీజు తీసుకుని క్లయింట్ల గురించి పత్రికలకు వార్తలు రాసి పంపేవాళ్ల బోర్డులు పెరుగుతున్నాయి. ప్రైవేటు ఆస్పత్రులు, కాలేజీలు, ప్లాట్ల వెంచర్లు, రైస్ మిల్లులు, చేనేత సంఘాలు నెలవారీ ఫీజు మీద వాటికి పని అప్పగిస్తున్నాయి. పని కోసం వచ్చిన ఏజెన్సీ ముందుగా చూపించే కాగితాల్లో 'ఫలానా అసోసియేషన్ సభ్యులం' అనే సర్టిఫికెట్ ఒకటి. ఆ కాగితానికి విలువ ఉంది. అయితే దాన్ని ఏ సంఘం ఇచ్చింది, ఎవరి పేరు మీద ఇచ్చింది, ఎప్పటిదాకా చెల్లుతుంది అని అడిగేవాళ్లు అరుదు. ఈ ముచ్చట జిల్లా పేజీల్లో చర్చకు రాదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక సంగతి తెలియాలి. వకీలుకు బార్ కౌన్సిల్ ఉంది, డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంది. పీఆర్ పని చేసేవాళ్లకు మన దేశంలో అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ ఏదీ లేదు. బ్రెజిల్ 1967లోనే ఈ వృత్తికి చట్టం చేసింది, నైజీరియాలోనూ చట్టం ఉంది. ఇక్కడ మాత్రం ఒక మడిగె కిరాయికి తీసుకుని బోర్డు కట్టినవాళ్లు ఎవరైనా పీఆర్ ఏజెన్సీయే. చదువు, అనుభవం, పరీక్ష ఏదీ అక్కర్లేదు. అందుకే సంఘం సభ్యత్వం లైసెన్సుతో సమానం కాదు. అది లేనివాళ్లు పని చేయడం నేరమూ కాదు.

మరి దానికి విలువ ఎక్కడినుంచి వస్తుంది? ఫిర్యాదు చేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. పత్రికలో తప్పుడు వార్త వస్తే 1978 చట్టం కింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ముందు ఎడిటర్‌కు రాయాలి, సమాధానం తృప్తిగా లేకపోతే దినపత్రిక విషయంలో వార్త వచ్చిన 2 నెలల లోపు కౌన్సిల్‌కు రాయాలి. తప్పుడు ప్రకటన వస్తే 1985లో పరిశ్రమ తనంతట తాను పెట్టుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఉంది, 2019 వినియోగదారుల చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఉంది. అదే ఒక ఏజెన్సీ అబద్ధపు ప్రెస్ నోట్ రాసి పది పత్రికలకు పంపిందనుకోండి. అచ్చేసిన పత్రిక ప్రెస్ కౌన్సిల్ ముందు నిలబడాలి. రాసి పంపిన ఏజెన్సీ మీద ప్రెస్ కౌన్సిల్‌కు అధికారం లేదు. అది ప్రకటన కాదు కాబట్టి ప్రకటనల కౌన్సిల్ దారీ చాలావరకు మూసుకున్నట్టే. కోర్టుకెక్కడం తప్పితే మిగిలింది ఆ ఏజెన్సీ చేరిన సంఘం, అది రాసుకున్న నియమావళి మాత్రమే. ఏజెన్సీ ఏ సంఘంలోనూ లేకపోతే ఆ తలుపు కూడా ఉండదు. సభ్యత్వం గురించి అడగాలనడానికి అసలు కారణం ఇది. సంఘంలో చేరినవాళ్లు తెలివైనవాళ్లని కాదు, తప్పు చేస్తే పిలిచి అడిగేవాళ్లు ఉన్నారని.

అలా అడగడం కాగితం మీది మాటేనా అన్న అనుమానం రావచ్చు. లండన్‌లో బెల్ పాటింజర్ అనే పెద్ద ఏజెన్సీ ఉండేది. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ నుంచి వెళ్లి దక్షిణాఫ్రికాలో వ్యాపార సామ్రాజ్యం కట్టిన గుప్తా కుటుంబానికి చెందిన ఓక్‌బే కంపెనీ కోసం అది పని చేసింది. ఆ ప్రచారం దక్షిణాఫ్రికాలో జాతుల మధ్య చిచ్చు పెట్టేలా సాగిందని అక్కడ అప్పటి ప్రతిపక్షం డెమోక్రటిక్ అలయన్స్ బ్రిటన్‌లోని పీఆర్ ఏజెన్సీల సంఘం పీఆర్‌సీఏకు ఫిర్యాదు చేసింది. 1969లో పుట్టిన ఆ సంఘం విచారణ జరిపి 2017 సెప్టెంబర్ 4న బెల్ పాటింజర్‌ను బహిష్కరించింది, కనీసం 5 ఏళ్లు మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి వీల్లేదంది. పీఆర్‌సీఏకు ఆ ఏజెన్సీని మూసేయించే అధికారం లేదు, జరిమానా వేసే చట్టమూ లేదు. అయినా క్లయింట్లు వరుసగా వెళ్లిపోయారు, సెప్టెంబర్ 12న కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మధ్యలో గడిచింది ఎనిమిది రోజులు. అదే ఏడాది అంతర్జాతీయ కన్సల్టెన్సీ సంఘాల సమాఖ్య ఐసీసీఓ హెల్సింకిలో పది నైతిక సూత్రాల ప్రకటన చేసింది. సభ్యుణ్ణి వెళ్లగొట్టే ధైర్యం ఉన్న సంఘం ఇచ్చిన సర్టిఫికెట్‌కే బరువు ఉంటుంది. ఎన్నడూ ఎవరినీ ఏమీ అనని సంఘం ఇచ్చేది ఫీజు కట్టినట్టు రసీదే.

మన దేశానికి వస్తే రెండు పేర్లు తరచూ కలిసిపోతాయి. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో మొదలైంది. అందులో సభ్యులు ప్రధానంగా వ్యక్తులు: ప్రభుత్వ రంగ సంస్థల పీఆర్‌ఓలు, కంపెనీల అధికారులు, అధ్యాపకులు, సొంతంగా పని చేసుకునేవాళ్లు. హైదరాబాద్‌లో దానికి చాప్టర్ ఉంది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన అఖిల భారత సదస్సులో వృత్తి నియమావళిని ఆమోదించారు. ఏటా ఏప్రిల్ 21ని జాతీయ ప్రజా సంబంధాల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. రెండోది పబ్లిక్ రిలేషన్స్ కన్సల్టెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, 2001లో ఏర్పడింది. ఇది సంస్థల సంఘం, అంటే ఏజెన్సీయే సభ్యత్వం తీసుకోవాలి.

ఈ తేడా తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. ఏజెన్సీ యజమానికో, అందులో పని చేసే ఒక ఉద్యోగికో వ్యక్తిగత సభ్యత్వం ఉంటుంది. లెటర్‌హెడ్ మీద మాత్రం ఏజెన్సీయే సభ్యురాలన్నట్టు ముద్ర ఉంటుంది. రేపు ఆ ఉద్యోగి మానేస్తే సభ్యత్వం ఆయనతోనే వెళ్లిపోతుంది. ముద్ర లెటర్‌హెడ్ మీదే మిగులుతుంది. కాబట్టి సర్టిఫికెట్ మీద ఉన్న పేరు, జీఎస్టీ ఇన్వాయిస్ మీద ఉన్న పేరు ఒకటేనా అని అక్షరం అక్షరం చూడండి. ప్రొప్రైటర్ పేరు ఒకటి, వ్యాపారం పేరు ఇంకొకటి ఉన్న చోట మరింత జాగ్రత్తగా చూడాలి. సభ్యత్వాలు సాధారణంగా ఏటా ఫీజు కట్టి కొనసాగించుకోవాల్సినవే కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరానికి కట్టిన రసీదు అడగండి. గోడకు వేలాడే ఫ్రేమును ఆధారంగా తీసుకోవద్దు. ఆ సంఘం ఆఫీసుకే నేరుగా ఒక మెయిల్ పెట్టి, ఫలానా సంస్థ ఈ రోజుకు మీ సభ్యుల జాబితాలో ఉందా అని అడిగితే సరిపోతుంది. ఖర్చు లేని పని. అవార్డు మెమెంటోలను సభ్యత్వంతో కలపొద్దు. ఎంట్రీ ఫీజు కట్టి, టేబుల్ కొనుక్కుంటే వచ్చే అవార్డులు ఈ రంగంలో చాలా ఉన్నాయి.

నియమావళి కాపీ కూడా అడగండి. ఇవ్వలేని ఏజెన్సీ దాన్ని చదివి ఉండదు. చదివిన ఏజెన్సీ మాత్రం 'నెలకు ఇన్ని వార్తలు గ్యారంటీ' అని రాసివ్వడానికి ఒప్పుకోదు. తన చేతిలో లేని ఫలితానికి హామీ ఇవ్వకూడదన్నది ఇలాంటి నియమావళుల్లో పాత సూత్రం. వార్త వేయాలా వద్దా అన్నది పత్రిక సంపాదక విభాగం, అంటే డెస్క్ తేల్చే విషయం. దానికి ముందే హామీ దొరుకుతోందంటే ఎవరికో ఎక్కడో డబ్బు ముడుతోందని అర్థం. బిల్లులో 'మీడియా ఖర్చులు' అని ఒక వరుస ఉండి, దానికి ఏ రసీదూ లేకపోతే అక్కడే ఆపండి. ఆ పైసలు ప్రెస్ మీట్‌లో కవరుగా చేతులు మారినా, ఏజెన్సీ దగ్గరే మిగిలిపోయినా మీ లెక్కల పుస్తకంలో అది ఆధారం లేని ఖర్చే. ఆడిటర్ ముందు జవాబు చెప్పాల్సింది మీరు.

క్లిప్పింగుల ఫైలు విషయంలోనూ మోసపోతున్నారు. నెలాఖరుకు ఏజెన్సీ ఒక ఫైలు ఇచ్చి 'మీకు ఇన్ని లక్షల విలువైన కవరేజీ వచ్చింది' అంటుంది. ఆ లెక్క ఎలా వేస్తారంటే, వార్త 12 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 180 చదరపు సెంటీమీటర్లు. పత్రిక ప్రకటన రేటు చదరపు సెంటీమీటరుకు ₹200 అనుకుంటే ₹36,000. వార్తను జనం ప్రకటన కంటే ఎక్కువ నమ్ముతారు కాబట్టి అని దాన్ని మూడుతో గుణించి ₹1,08,000 చేస్తారు. ఆ మూడు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. రేటు కూడా అసలు బేరంలో తగ్గేది కాకుండా కార్డు మీది పూర్తి రేటు వేస్తారు. జిల్లా ట్యాబ్లాయిడ్‌లో వచ్చిన వార్తకు మెయిన్ ఎడిషన్ రేటు కట్టిన ఫైళ్లూ ఉంటాయి. 2010లో అంతర్జాతీయ కొలమానాల సంస్థ అమెక్ ఆధ్వర్యంలో వచ్చిన బార్సిలోనా సూత్రాలు ఈ పద్ధతిని తేటతెల్లంగా తోసిపుచ్చాయి: ప్రకటన రేటుతో కట్టిన లెక్క ప్రచారం విలువ కాదని. ఇదే లెక్క మరో చోట మాత్రం అధికారికంగా వాడతారు. ఎన్నికలప్పుడు జిల్లా మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ ఒక కథనాన్ని పెయిడ్ న్యూస్ (డబ్బిచ్చి వేయించుకున్న వార్త) అని తేల్చితే ప్రకటన రేటు కట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతుంది. దాన్నే తమ విజయంగా లెక్కగట్టి చూపే ఏజెన్సీలు ఈ సంగతి ఆలోచించాలి. చేనేత సంఘం అడగాల్సింది ఎన్ని క్లిప్పింగులన్నది కాదు, ఎన్ని కొత్త షాపుల నుంచి వాకబు వచ్చింది, ఎవరు వార్త చూసి ఫోన్ చేశారు అన్నది. ఆ లెక్క రాసుకోవడానికి ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ చాలు.

మన జిల్లాల్లో ప్రమాదం ఎక్కువగా ఉన్నవి ఆస్పత్రులు, వెంచర్లు. డాక్టర్లకు వర్తించే 2002 వృత్తి నియమాల ప్రకారం రోగులను ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆకర్షించే ప్రచారం అనైతికం. ప్రాక్టీసు మొదలుపెట్టడం, చిరునామా మారడం, కొంతకాలం అందుబాటులో లేకపోవడం, తిరిగి మొదలుపెట్టడం వంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే పత్రికల్లో ప్రకటన ఇవ్వొచ్చు. 'జిల్లాలో మొదటిసారి అరుదైన ఆపరేషన్' అంటూ మంచం మీది రోగి ఫొటో, పేరు, ఊరితో సహా పంపే ప్రెస్ నోట్ ఈ నియమానికి విరుద్ధం కావడమే కాదు, రోగి రహస్యాన్నీ బయటపెడుతుంది. నోటి మాట చాలదు, రోగి రాతపూర్వక అంగీకారం ఉండాలి. అది ఆపరేషన్ అంగీకార పత్రంలో ఇమిడిపోయిన ఒక వాక్యంగా కాకుండా విడి కాగితం మీద, తెలుగులో, ఏ ఫొటో ఎక్కడ వాడతారో చెప్తూ ఉండాలి. నోటీసు వస్తే డాక్టరుకు వస్తుంది, రిజిస్ట్రేషన్ ఆయనది. ఏజెన్సీకి పోయేది ఒక క్లయింట్ మాత్రమే.

ప్లాట్ల సంగతి ఇంకా కఠినం. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం మూడో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టును ప్రకటించకూడదు, అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. భూమి 500 చదరపు మీటర్లు మించకపోతేనో, 8 యూనిట్లు మించకపోతేనో మినహాయింపు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. భువనగిరి, యాదగిరిగుట్ట చుట్టూ, షాద్‌నగర్, జడ్చర్ల వైపు హైవే పొడవునా ప్రీ లాంచ్ (రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మకం) పేరుతో వచ్చే 'ప్రత్యేక కథనాలు' వార్త రూపంలో ఉన్నంత మాత్రాన ఈ సెక్షన్ నుంచి తప్పించుకోలేవు. మంచి ఏజెన్సీ రెరా నంబరు చూడందే ఒక్క వాక్యం రాయదు, రాసిన ప్రతి చోటా ఆ నంబరు వేస్తుంది. పవర్‌లూమ్ మీద నేసి అచ్చు వేసిన గుడ్డను పోచంపల్లి ఇక్కత్ అని రాసే నోట్లకూ ఇదే తీరు వర్తించాలి. అది భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు, దాని మీద నేత కుటుంబాల పొట్ట ఆధారపడి ఉంది.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. పని ఏమిటో, ప్రెస్ నోట్ తుది ప్రతిని ఎవరు ఆమోదిస్తారో, ఖర్చులు రసీదులతోనే తిరిగి ఇస్తామని, రెండువైపులా 30 రోజుల నోటీసు అని రాసుకోండి. అదే ఊళ్లో పోటీ ఆస్పత్రికి పని చేస్తే ముందే చెప్పాలన్న షరతు తప్పనిసరి. నల్లగొండ డాక్టర్స్ కాలనీ లాంటి చోట పక్కపక్క ఆస్పత్రుల సమాచారం ఒకే ఏజెన్సీ దగ్గర ఉండటం మామూలే. ఫీజు ₹25,000 అంటే 18 శాతం జీఎస్టీ ₹4,500 కలిపి ₹29,500 అవుతుంది. వైద్య సేవలకూ, విద్యా సేవలకూ జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆస్పత్రులు, కాలేజీలు ఈ ₹4,500ను క్రెడిట్‌గా తీసుకుని తమ పన్నులో తగ్గించుకోలేవు. అది నికరమైన ఖర్చు. ఆమోదించిన నోట్, వచ్చిన క్లిప్పింగు, తేదీ, ఎడిషన్ అన్నీ ఒక ఫైలులో పెట్టుకుంటే రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే సంఘానికి చూపించడానికి ఆధారం ఉంటుంది. వాట్సాప్‌లో 'ఓకే సార్' అన్న మెసేజ్ మీదే పని నడిపితే ఎవరు దేనికి ఒప్పుకున్నారో తేల్చడం ఎవరివల్లా కాదు.

ఇక మా వృత్తిలోని వాళ్లతో ఒక మాట. జాతీయ సంఘాలు పెద్ద నగరాల పెద్ద ఏజెన్సీల కోసం, మనకెందుకు అనే మాట జిల్లాల్లో బలంగా ఉంది. ముగ్గురు నలుగురితో నడిచే ఆఫీసుకు ఆ స్థాయి ఫీజులు, షరతులు అందకపోవచ్చు. అయితే చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం 7 మంది కలిస్తే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ఏజెన్సీలు కలిసి ఒకటి పెట్టుకుంటే చాలు, మండలానికొకటి అక్కర్లేదు. బైలాస్‌లో (సంఘం నిబంధనల్లో) సన్మానాల ఉపకమిటీ కంటే ముందు ఫిర్యాదుల కమిటీ రాయాలి. అందులో సగానికి పైగా బయటివాళ్లు ఉండాలి: రిటైరైన న్యాయాధికారి ఒకరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచో, పాలమూరు యూనివర్సిటీ నుంచో ఒక అధ్యాపకుడు, వినియోగదారుల తరఫున ఒకరు. ఫిర్యాదు అందినట్టు 7 రోజుల్లో, ఏజెన్సీ జవాబు 21 రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో అని గడువులు పెట్టుకోవాలి. తీర్పును ప్రచురించాలి, సస్పెన్షన్, బహిష్కరణ అధికారం స్పష్టంగా రాయాలి. సభ్యత్వ ఫీజు అందరికీ ఒకటిగా కాకుండా టర్నోవర్‌ను బట్టి ఉండాలి, లేకపోతే ఒక్కరే నడిపే ఏజెన్సీ బయటే ఉండిపోతుంది.

సంఘం పెట్టగానే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన రేట్లు. 'నెలకు ఇంతకంటే తక్కువకు ఎవరూ చేయొద్దు' అని తీర్మానం చేద్దామంటారు. చేయొద్దు. పోటీ చట్టం, 2002 మూడో సెక్షన్ ప్రకారం ఒకే వ్యాపారంలోని వాళ్లు సంఘం ద్వారా ధరలు నిర్ణయించుకోవడం పోటీని దెబ్బతీసే ఒప్పందంగానే భావిస్తారు. 'పాత ఏజెన్సీ నుంచి నో అబ్జెక్షన్ తెస్తేనే కొత్త ఏజెన్సీ పని తీసుకోవాలి' అన్న నియమం ఇంకా అపాయం. మందుల షాపుల సంఘాలు ఇలాంటి నో అబ్జెక్షన్ షరతులు పెట్టి కాంపిటీషన్ కమిషన్ చేత జరిమానాలు వేయించుకున్న సంగతి తెలిసిందే. రేట్ల గోల వదిలేసి బకాయిల మీద పడితే అందరికీ మేలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న ఏజెన్సీకి 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ఒంటరిగా వెళ్తే క్లయింట్‌తో చెడుతుందన్న భయంతో ఎవరూ వెళ్లరు. సంఘం తరఫున ఒక నమూనా ఒప్పందం, ఒక నమూనా నోటీసు తయారుగా ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

చివరిగా పత్రికలకు ఒక విన్నపం. కింద క్లయింట్ పేరు, రాసిన ఏజెన్సీ పేరు, బాధ్యుడి ఫోన్ నంబరు లేని ప్రెస్ నోట్‌ను జిల్లా డెస్క్‌లు తీసుకోవడం మానేయాలి. డబ్బు తీసుకుని వేసే ఆస్పత్రి, కాలేజీ, వెంచర్ పేజీల నెత్తిన 'ప్రకటన' అని చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో వేయాలి. వార్తకూ ప్రకటనకూ తేడా కనబడాలన్నది ప్రెస్ కౌన్సిల్ నియమాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. అడ్మిషన్ల సీజన్‌లో వచ్చే ప్రత్యేక సంచికలతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పౌర సంబంధాల సలహాదారు,
నల్లగొండ